జమీందారీ విచారణ సంఘము – రైతు సాక్ష్యము

శాసనములలో సమత్వమును వ్రాయుట యొకటి. ప్రజల కూటికుండలో ఆ సమత్వము కానవచ్చుట వేఱొకటి. ఈ రెంటికిని నడుమనున్న దూరమును కొలుచుటకు ప్రజాప్రభుత్వములు కల్పించుకొన్న సాధనములలో శాసనసభల విచారణసంఘ మొకటి. సభలో ఉపన్యాసములు జరుగును. పత్రికలలో నవి ప్రకటింపబడును. కొన్ని దినములకు మఱపు వచ్చును. విచారణసంఘము పని యట్టిది కాదు. అది సాక్షులను పిలుచును, కాగితములు తెప్పించును, ప్రశ్నించును, వచ్చిన సమాధానమును వ్రాసి యచ్చొత్తించును. ఎవరి రాబడి యెంత, అది యెవరి కష్టమునుండి వచ్చుచున్నది, దానికి చట్టమునం దాధార మేమి అను ప్రశ్నలు కడుపు మండినవాని నోట వచ్చినపుడు దూషణములని త్రోసివేయబడును. అవే ప్రశ్నలు సంఘాధ్యక్షుని నోట వచ్చినపుడు సమాధానము చెప్పక తప్పదు.

మన తెలుగుదేశపు భూమినిగూర్చి యిట్టి విచారణలు రెండు ముఖ్యమైనవి జరిగినవి. మొదటిది లండనులో బ్రిటిషు కామన్సుసభవారి సంఘము చేసినది. దాని నివేదిక 1812లో వెలువడినది. రెండవది చెన్నరాష్ట్ర శాసనసభ నియమించిన సంఘము ప్రకాశం పంతులుగారి యధ్యక్షతను చేసినది. దాని నివేదిక 1938లో వెలువడినది. రెండును ఒకే విషయమును విచారించినవి: జమీందారునకు, రైతునకు, సర్కారునకు భూమిపై గల హక్కు లెట్టివి? నూటయిరువదియాఱేండ్ల యెడముతో అడిగిన యీ ప్రశ్నకు రెండు సంఘములును ఇచ్చిన సమాధానములు వేఱు. ఆ భేదమునకు కారణ మేమో తెలిసికొన్నచో, ప్రజల ధనసమత్వ విషయమున విచారణసంఘములు చేయగల మేలును, చేయజాలని పనియు మనకు స్పష్టపడును.

ఉత్తర సర్కారులు 1765 ఫర్మానా వలనను, 1766లో నిజామలీఖానుతో జరిగిన యొడంబడిక వలనను ఈస్టిండియా కంపెనీవారి వశమయ్యెను. గుంటూరు సర్కారు మాత్రము 1788లో వారి చేతికి వచ్చెను. కంపెనీవారికి కావలసినది నిశ్చయమైన రాబడి. వంగదేశమున కారన్‌వాలిసు ప్రభువు 1793లో నెలకొల్పిన శాశ్వత పైసలాను 1802లో చెన్నరాజధానికిని తెచ్చిరి. ఆ యేటి 25వ రెగ్యులేషను జమీందారు సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషును ఆచంద్రార్కముగా స్థిరపఱచినది. సామాన్యముగా జమీందారు వసూళ్లలో మూడింట రెండు వంతులు పేష్కషుగా నిర్ణయించిరి. సర్కారు క్రింద నేరుగా నుండిన హవేలీ భూములను ముఠాలుగా విభజించి వేలము వేసి, క్రొత్త జమీందారులను పుట్టించిరి. పండినను ఎండినను పేష్కషు మారదు. ఏ రాబడి పెరిగినను ఆ పెరుగుదల జమీందారునిదే.

అదే సంవత్సరమున 30వ రెగ్యులేషను కూడ వెలువడెను. దీనిని పట్టా రెగ్యులేషను అందురు. రైతులకు పట్టాలీయవలెననియు, శిస్తు దరను గూర్చి వివాదము పుట్టినచో శాశ్వత పైసలాకు ముందటి సంవత్సరమున సాగుభూములపై నడచుచుండిన దరనుబట్టి నిర్ణయింపవలెననియు అందు వ్రాసిరి. ఒక చేత్తో జమీందారునకు సనదు, వేఱొక చేత్తో రైతునకు పట్టా: కాగితముమీద తక్కెడ సరిగానే యున్నది. కాని సనదు పొందినవానికి దివాణము, ఠాణా, వకీలు ఉండిరి. పట్టా పొందవలసినవానికి, పొందకపోయిన నడుగుటకు, కాలి నడకను కచ్చేరికి పోవు దారి తప్ప మఱేమియు లేకుండెను. పైసలాచే రైతుల పూర్వపుహక్కులు చెడలేదని ప్రభుత్వమువారే 1822లో మఱియొక రెగ్యులేషను చేసి చెప్పవలసివచ్చెననగా, అప్పటికే యా హక్కులెంత యస్పష్టములయ్యెనో యూహింపవచ్చును.

ఈ నడుమ 1812 జూలైలో కామన్సుసభవారి ప్రత్యేకసంఘము తన యయిదవ నివేదికను సమర్పించెను. కంపెనీ సనదును 1813లో తిరిగి యీయవలసియుండుటచే, దాని పరిపాలన యెట్లున్నదో తెలిసికొనుటకై నియమింపబడిన సంఘ మది. చరిత్రకారులకు ఈ యయిదవ నివేదిక గొప్ప నిధి. ఉత్తర సర్కారులను గూర్చి జేమ్సు గ్రాంటు వ్రాసిన సుదీర్ఘమైన వ్రాత దాని యనుబంధములలో నున్నది. శాశ్వత పైసలా పిమ్మట వంగదేశమున పేష్కషు బాకీలకై జమీలు వేలమునకు వచ్చి ప్రాచీనకుటుంబములు కూలిన సంగతియు, థామసు మన్రో ప్రభృతులు రైతువారీ పద్ధతిని సమర్థించిన సంగతియు అందు వివరింపబడినవి. దక్షిణదేశపు గ్రామమును, దాని కరణమును, రెడ్డిని, తలారిని, నీరుకట్టును వర్ణించిన భాగమును తరువాతి గ్రంథకర్తలెందఱో ఉపయోగించుకొనిరి. ఇంకను పైసలా కాని ప్రదేశములలో శాశ్వత జమీందారీ పద్ధతి వ్యాపింపకుండ, రైతువారీ పద్ధతివైపు కంపెనీ డైరెక్టర్లు మొగ్గుటకు ఈ విచారణ సాయపడినది. ఇది స్వల్పమైన మేలు కాదు.

అయినను ఆ సంఘమున కాధారములుగా నిలిచినవి కంపెనీ దస్తరములు, ఉద్యోగుల లేఖలు, నివేదికలు మాత్రమే. ఏ భూమినిగూర్చి విచారణ జరిగెనో ఆ భూమిని దున్నినవాడు ఆ సంఘము నెదుట నిలిచి యొక మాటయైనను చెప్పలేదు. చెప్పుటకు వీలును లేదు. అందుచే సంఘము వేసికొన్న ముఖ్యప్రశ్నయు అధికారుల ప్రశ్నయే యయ్యెను: ఏ పద్ధతిచే సర్కారు రాబడి నిశ్చయముగా వచ్చును? రైతు ఇంట యేమి మిగులుచున్నది అను ప్రశ్న అక్కడక్కడ తొంగిచూచినదేగాని విచారణకు కేంద్రము కాలేదు. సాక్షి యెవడో ప్రశ్నయు నట్టిదే యగును.

పిమ్మట జరిగినది తెలిసిన చరిత్రయే. 1832–33లో గుంటూరుసీమలో డొక్కలకరవు వచ్చి లెక్కకు మించిన జనము మడిసిరి. పేష్కషు భారమునకును, వంశకలహములకును, అప్పులకును లోనైన అక్కడి జమీందారీలు కూలిపోయి, సర్ వాల్టరు ఎలియటుగారు 1846లో విచారణ జరిపిన తరువాత సర్కారు వశమయ్యెను. 1850 ప్రాంతములలో గోదావరి, కృష్ణ ఆనకట్టలు సిద్ధమై డెల్టాభూములు పచ్చబడినవి. నీరు వచ్చినది, పంట పెరిగినది, ధరలు పెరిగినవి, భూమికై పోటీ పెరిగినది. పేష్కషు మాత్రము 1802లోనిదే. శిస్తు మాత్రము నాటిది కాదు. పెరిగిన ఫలములో ఎవరిభాగ మెంత యను తగవు అప్పటినుండియు న్యాయస్థానములకు ఎక్కుచునే యుండెను.

1865 శాసనమువలన శిస్తు వసూలునకు దారి సులభమయ్యెనుగాని రైతుహక్కు తేలలేదు. 1897లో మదరాసు హైకోర్టున సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యరుగారు కృష్ణాజిల్లానుండి వచ్చిన యొక వ్యాజ్యమున, జమీందారీ రైతు ఏటేట తొలగింపదగిన కౌలుదారు కాడనియు, అతనికి భూమిపై స్థిరమైన హక్కు కలదనియు తీర్పు చెప్పిరి. ఈ న్యాయమును 1908వ సంవత్సరపు మదరాసు ఎస్టేటుభూముల శాసనము స్వీకరించి జిరాయితీ రైతునకు శాశ్వతానుభవహక్కు నొసగెను. కాని ఆ శాసనమే, అప్పటికి నడచుచున్న శిస్తు న్యాయమైనదని భావింపవలెననెను; కాదని రుజువు చేయు భారమును రైతుపై మోపెను; పంటధరలు పెరిగినవను కారణమున రూపాయికి రెండణాలవఱకు శిస్తు పెంచుటకు దావా వేయు వీలును కల్పించెను. అనగా భూమినుండి వెడలగొట్టు భయము తగ్గినది. భూమిపై బ్రతుకు బరువు తగ్గలేదు.

ఆ బరువు 1929 తరువాత భరింపరానిదయ్యెను. లోకమంతట ఆర్థికమాంద్యము వ్యాపించి ధాన్యపుధర సగమునకు దిగినది. రూకలలో చెల్లింపవలసిన శిస్తు సగమునకు దిగలేదు. శిస్తు బాకీపడినచో పంటయు పశువులును జప్తు అగును. దీనితోపాటు పుల్లరి, అడవిలో కట్టెపుల్లకు రుసుము, దివాణపు శుభకార్యములకు మామూళ్లు, నజరానాలు, వెట్టి. చెఱువు తెగినచో బాగుచేయించువాడు లేడు. శిస్తు మాత్రము తప్పదు. ఇట్టి బాధలనుండి రైతుసంఘములు పుట్టినవి. ఆచార్య రంగాగారు ఊరూర రైతుసభలు జరిపిరి. నెల్లూరున నెల్లూరు వెంకట్రామానాయుడుగారు 1928లో ‘జమీన్ రైతు’ అను పేరుతోనే పత్రికను వెలయించి వెంకటగిరి రైతుల గోడు లోకమునకు వినిపించిరి. రైతునకు మొట్టమొదట దొరికిన సాక్షిపీఠము పత్రికయే యని చెప్పవచ్చును.

1937 ఫిబ్రవరి ఎన్నికలలో ఈ గోడు ఓటుగా మారినది. అప్పటికి వయోజనులందఱకును ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువులను బట్టి కొందఱకే కలదు. అయినను జమీందారీ గడ్డయైన బొబ్బిలిలోనే, అదివఱకు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన బొబ్బిలి రాజావారిని వి. వి. గిరిగారు ఓడించిరి. 1937 జూలైలో రాజగోపాలాచారిగారి ముఖ్యమంత్రిత్వమున కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. రెవెన్యూశాఖను టంగుటూరి ప్రకాశం పంతులుగారు వహించిరి. జమీందారీ ప్రాంతముల స్థితిగతులను విచారించి, చేయవలసిన శాసనమును సూచించుటకై ఉభయసభల సభ్యులతో నొక సంఘము నియమింపబడెను. పంతులుగారే దాని కధ్యక్షులు.

ఈ సంఘము చెన్నపట్టణమున కూర్చుండి కాగితములు చదువుటతో తృప్తిపడలేదు. జమీందారీ జిల్లాలకు తానే తరలిపోయి, జమీందారుల పక్షమునను రైతుల పక్షమునను సాక్ష్యములు తీసికొనెను. ఎన్నడును కచ్చేరీగుమ్మము ప్రతివాదిగా తప్ప త్రొక్కని రైతు, రెవెన్యూమంత్రి యెదుట సాక్షిగా నిలిచెను. తన తాతనాటి శిస్తు ఎంత, తన నాటి శిస్తు ఎంత. చెఱువున కెన్నేండ్లనుండి మట్టిపని లేదు. పశువులు మేయు బీటికి పుల్లరి ఎప్పటినుండి వచ్చినది – ఇట్టి సంగతులు ప్రశ్నోత్తరములుగా వ్రాయబడి సాక్ష్యసంపుటములలో నిలిచినవి. ఆ కాలముననే రైతులు ఇచ్ఛాపురమునుండి బయలుదేరి, తొమ్మిది జిల్లాల మీదుగా ఇంచుమించు నూటముప్పదిదినములు నడచి, దారిపొడవున సభలు జరుపుచు, రైతుల మహజరులను కూడబెట్టి, 1938 మార్చిలో చెన్నపట్టణమున శాసనసభకు సమర్పించిరి. లోపల విచారణ, వెలుపల యాత్ర: ఈ రెండును ఒకదానికొకటి బలమిచ్చుకొనినవి. వెలుపల నడచువారు లేనిచో లోపలి విచారణ చల్లబడును. లోపల వ్రాసికొనువారు లేనిచో వెలుపలి యాత్ర దుమ్ముతో పాటు అణగిపోవును.

1938 చివర వెలువడిన నివేదికలో అధికసంఖ్యాకుల తీర్మానము స్పష్టము. భూమికి యజమాని రైతు. జమీందారు సర్కారు పక్షమున శిస్తు వసూలుచేయు అధికారము పొందినవాడు మాత్రమే. 1802లో 25వ రెగ్యులేషను పేష్కషును శాశ్వతముగా స్థిరపఱచినట్లే 30వ రెగ్యులేషను రైతుశిస్తును కూడ ముందటి యేటి దరకు కట్టివేసినది. కావున పిమ్మట పెంచిన శిస్తులకు న్యాయమగు ఆధారము లేదు. 1802 నాటి దరలకు దిగవలెను. నీటివనరులు, బీళ్లు, అడవులు గ్రామజనుల యనుభవమునకు సంబంధించినవి. అందుచే క్రొత్త శాసనము చేయవలెనని సంఘము చెప్పెను. ప్రకాశం పంతులుగారు స్వయముగా బారిష్టరు. నూఱేండ్ల బూజు పట్టిన రెగ్యులేషనులను తీసి, పరదేశ ప్రభుత్వము వ్రాసిన యక్షరములనే రైతుపక్షమున నిలిపిరి. దానము కోరుట లేదు, పోయిన హక్కును కోరుచున్నాము అని చెప్పగలుగుట రైతునకు గొప్ప ధైర్యమయ్యెను.

ఎదిరిపక్షమువారి వాదమును చెప్పక విడిచినచో న్యాయము కాదు. 30వ రెగ్యులేషనులోని దర వివాదములు తీర్చుటకు చెప్పినదేగాని శిస్తును శాశ్వతముగా కట్టివేయుటకు కాదని వారనిరి. పంటలో వంతు చెల్లించు అమరక గల చోట పంటధర పెరిగినప్పుడు దొరవంతు విలువయు పెరుగుట సహజమే కదా యనిరి. నాటి జమీందారులలో నందఱును పూర్వపు రాజవంశీయులు కారు. వేలములలో వెలబెట్టి కొన్నవారు, ఆ రాబడిని నమ్మి అప్పిచ్చినవారు కలరు. 1908 శాసనము న్యాయమని యొప్పుకొన్న శిస్తును ఒక్క కలపుపోటుతో తగ్గించినచో వారి గతి యేమనిరి. అన్నిటికంటె చిక్కైన ప్రశ్న మఱియొకటి: 1801లో ఫలానా గ్రామమున ఫలానా చెక్కకు దర యెంతయో తెలుపు లెక్క ఎచట నున్నది? సంఘసభ్యులలోనే భిన్నాభిప్రాయములు వ్రాసినవారు కలరు. ఈ యాక్షేపణలలో కొన్ని స్వార్థప్రేరితములైనను, అన్నియు నిస్సారములు కావు. భిన్నాభిప్రాయమును కూడ నివేదికతోనే యచ్చొత్తించుట ఇట్టి సంఘములకు గల సత్సంప్రదాయము. ఓడినవాని వాదమును దాచు విచారణ విచారణ కానేరదు.

నివేదిక వచ్చినది, 1939 ప్రారంభమున శాసనసభలో దీర్ఘచర్చ జరిగి దాని ననుసరించి శాసనము చేయవలెనను తీర్మానము నెగ్గినది, కాని శాసనము కాలేదు. దీనికి కారణములు పెక్కులు. 1935వ సంవత్సరపు ఇండియాప్రభుత్వ శాసనములోని 299వ సెక్షను ప్రకారము, భూమిహక్కులను మార్చు బిల్లును గవర్నరు ముందుగా అనుమతింపనిదే సభలో ప్రవేశపెట్టుటకైనను వీలులేదు. ప్రజలచే నెన్నుకోబడినవారు విచారింపవచ్చును, నివేదింపవచ్చును, తీర్మానింపవచ్చును. కాని తలుపు తాళముచెవి వేఱొకరి మొలనుండెను. ఇంతలో యూరపున యుద్ధము వచ్చినది. భారతీయుల సమ్మతి లేకయే యీ దేశమును యుద్ధమునకు దింపినందుకు నిరసనగా 1939 అక్టోబరు చివర కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా చేసినది. సంపుటములు అలమారుల కెక్కినవి.

అలమారలో నివేదిక నిద్రించుచుండగా ఊళ్లలో బాధ నిద్రింపలేదు. 1940 ఏప్రిల్‌లో మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురమున, అడవిలో కట్టె తెచ్చుకొను విషయమున పుట్టిన తగవునందు రైతులను పట్టుకొనవచ్చిన పోలీసులు కాల్పులు జరిపిరి. సాసుమాన గున్నమ్మ యను రైతుస్త్రీ అందు ప్రాణములు విడిచెను. పొయ్యిలోని కట్టె యెంత చిన్న వస్తువు! దానినిగూర్చి విచారణసంఘము అంతకు ముందే వ్రాసియుండెను. విన్న మాటను చట్టముగా చేయుటలో కలిగిన జాగునకు వెల చెల్లించినది ఒక గృహిణి. విచారణలను కాలయాపనకు సాధనములుగా తలచువారు ఈ సంగతిని మఱువరాదు.

అయినను ఆ నివేదిక వ్యర్థము కాలేదు. యుద్ధానంతరము ప్రజాప్రభుత్వము తిరిగి వచ్చినపుడు జమీందారీలను తొలగింపవచ్చునా యను ప్రశ్న పోయి, ఎట్లు తొలగింపవలెనను ప్రశ్నయే మిగిలెను. 1946లో ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి యైరి. 1947 మార్చిలో వారి మంత్రివర్గము పడిపోయి ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు వచ్చిరి. ఆ యేడే శిస్తు తగ్గింపు శాసనమును, 1948లో ఎస్టేటుల రద్దు శాసనమును వెలువడినవి. ఇక్కడ గమనింపదగిన విశేష మొకటి కలదు. 1947 శాసనము శిస్తును 1802 దరకు దింపలేదు. ప్రక్కనున్న రైతువారీ గ్రామముల దరతో పోల్చి, ఎక్కువగా నున్నంత మేర తగ్గించినది. అనగా సంఘమువారి న్యాయవాదమును ప్రక్కనుంచి, వారు రుజువుచేసిన వాస్తవమును స్వీకరించినది. రైతువారీ రైతుకంటె జమీను రైతు హెచ్చు చెల్లించుచున్నాడన్నది సాక్ష్యములచే తేలిన వాస్తవము. 1801 లెక్కలు దొరకకపోవచ్చును. ప్రక్కయూరి లెక్క అందఱకు తెలియును. వాదములు ఓడినను, చక్కగా సేకరించిన సాక్ష్యము ఓడదు.

1948 శాసనము 1802 పైసలాను రద్దుచేసి, ఎస్టేటులను ప్రభుత్వపరము గావించి, జిరాయితీ భూములకు రైతువారీ పట్టాలిచ్చు మార్గ మేర్పఱచెను. జమీందారులకు పరిహారము నిర్ణయించుటలో కొంత సమత్వదృష్టి కానవచ్చును: లెక్కకు తీసికొన్న సాలీనా మొత్తమునకు మిక్కిలి చిన్న యెస్టేటులకు 30 రెట్లును, మిక్కిలి పెద్దవానికి 12½ రెట్లును చెల్లింపవలెనని విధించెను. పెద్దవాని రాబడి పెరిగిన కొలది పరిహారపు గుణకము తగ్గును. అడవులు, చెఱువులు గ్రామమునకు గాక ప్రభుత్వమునకు చెందెను. జమీందారు స్వంత సాగుభూమి యని నిరూపించుకొన్నది ఆయనకే మిగిలెను. కావున ఏది సేరీ, ఏది జిరాయితీ అను తగవులు ఆ తరువాతను చాలకాలము సాగినవి.

ఈ చరిత్రలో మనము మెచ్చుకొనదగినది యెంతయో కలదు. కాని మెచ్చుకోలుతో ఆగుట సంస్కారాభిలాషులకు తగదు. 1812లో సాక్షిగా నిలువనివాడు రైతు. 1938 సంఘమున రైతు నిలిచెను, సరియే. మఱి పట్టా లేనివా డెక్కడ? రైతుక్రింద కోరుకు దున్నిన కౌలుదారు, పాలేరు, దినకూలి, మాలమాదిగ పల్లెలనుండి నాట్లకు కోతలకు వచ్చిన స్త్రీపురుషులు – వీరి బ్రతుకు ఆ విచారణకు ప్రధానవిషయము కాలేదు. భూమికి యజమాని యెవడు, జమీందారా, పట్టాదారా? అని ప్రశ్న వేసినపుడే మూడవవాని పేరు ప్రశ్నలోనుండి జారిపోయినది. 1802 రెగ్యులేషనులో అతని మాట లేదు గనుక, ఆ రెగ్యులేషనుపై నిర్మించిన వాదములోను అతనికి చోటు దొరకలేదు. అట్లే స్త్రీలమాట. శిస్తు బాకీకి ఇంటి పాడియావు జప్తు అయినపుడు పిల్లల గిన్నెలో పాలు లేకపోయిన సంగతి చెప్పవలసినది తల్లి. కాని పట్టా ఆమె పేర లేదు. కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో కుమారులతో సమానమగు హక్కును ఆంధ్రప్రదేశ్ శాసనసభ అంగీకరించునప్పటికి 1985 వచ్చినది.

పట్టా లేక సాగుచేయువాని సమస్య నేటికిని తీరలేదు. జమీందారీలు పోయిన అఱువదియేండ్లకు పైబడి, 2011లో కౌలుదారులకు గుర్తింపుకార్డులిచ్చు శాసనమును, 2019లో పంటసాగుదారుల హక్కుల శాసనమును ఆంధ్రదేశమున చేయవలసివచ్చిన దనిన, 1938లో అడుగక విడిచిన ప్రశ్న తనంతట తాను సమసిపోలేదనియే అర్థము. అడుగని ప్రశ్న అప్పువంటిది; కొడుకుల తరమున వడ్డీతో వచ్చును.

తెలంగాణమువైపు చూచినచో విచారణకు వీలున్న దేశమునకును లేని దేశమునకును గల భేదము తెలియును. నిజాము రాజ్యమున జాగీరుదారుల, దేశముఖుల క్రింద వెట్టి సాగుచుండెను. అచట ప్రజలచే నెన్నుకోబడి, రెవెన్యూమంత్రిని నిలదీయగల శాసనసభ లేదు. రైతు సాక్ష్యము వ్రాసికొను ప్రజాసంఘము లేదు. ఆంధ్రమహాసభ వేదికలే ప్రజలకు దిక్కయ్యెను. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించిన పిమ్మట పోరాటము సాయుధమై 1951వఱకు సాగెను. జాగీరుల రద్దు 1949లో, హైదరాబాదు కౌలుదారీ శాసనము 1950లో వచ్చినవి. చెన్నరాష్ట్రమున అంతయు శాంతముగా జరిగెనని నేననుట లేదు. మందసా కథ చెప్పియే యున్నాను. కాని బాధ చెప్పుకొనుటకు ద్వారము లేని యింట గోడలే బద్దలగుననుటకు ఈ చరిత్ర నిదర్శనము.

ఇప్పుడు మనకు స్వతంత్ర రాజ్యాంగము కలదు. వయోజనులందఱకు ఓటు కలదు. బిల్లును ముందుగా ఆపు తెల్లగవర్నరు లేడు. పార్లమెంటున 1993నుండి శాఖలవారీగా స్థాయీసంఘములు పనిచేయుచున్నవి. మొదట పదునేడుగా నున్నవి 2004లో ఇరువదినాలుగయ్యెను. బడ్జెటు పద్దులను, బిల్లులను అవి పరిశీలించి నివేదికలు వెలువరించును. ఆ సంఘముల సిఫారసులు ప్రభుత్వమును కట్టివేయజాలవు. వాని బలమంతయు వాస్తవమును బయలుపఱచుటలోను, ఆ వాస్తవమును ప్రజలు పట్టుకొనుటలోను ఉన్నది. కావున సంఘము చేసిన పనిలో సగము సభలోను, మిగిలిన సగము మన యిండ్లలోను జరుగవలసియున్నది.

చదువుకొన్న గృహస్థులును గృహిణులును ఇట్టి నివేదికలు తమకు సంబంధించినవి కావని తలచుట కలదు. అవి బియ్యపుధరను గూర్చినవి, పాఠశాలను గూర్చినవి, కూలిని గూర్చినవి. ఒక నివేదిక వెలువడినదని వినినపుడు మనము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎవరిని సాక్షులుగా పిలిచిరి? ఎవరిని పిలువలేదు? చెప్పినదానిలో ఎంత, ఎన్నాళ్లకు చట్టమైనది? మొదటి ప్రశ్నకు 1812 సంఘము తలవంచుకొనును. రెండవదానికి 1938 సంఘము తలవంచుకొనును. మూడవదానికి సమాధానము చెప్పవలసినవారు సంఘసభ్యులు మాత్రమే కారు. నివేదికను చదువక, చదివియు నడుగక, అడిగియు మఱచిన మనము కూడ ఆ సాక్షిపీఠము నెక్కవలసినవారమే.